సాధనం తడబడే చోట

(ఎలక్ట్రానిక్ సంగీతం నేర్చుకుంటున్నవారి శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. శబ్దాలు వినిపించిన చోట్లు కుండలీకరణాల్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మాటలు మొదలుపెట్టే ముందు ఒక శబ్దం వినిపిస్తాను. 30 సెకన్లే. వీలైతే కళ్లు మూసుకుని వినండి.

(శబ్దం వినిపించారు.)

సముద్రం అంటున్నారు ఒకరు. ఎక్కడో దూరాన బృందం పాడుతున్నట్టుంది అంటున్నారు ఇంకొకరు. ఇది కుర్చీ. ఇందాక నేను వైర్లు సర్దుకుంటూ ఉంటే ఎవరో ఆ మూలనున్న ఇనుప కుర్చీని నేల మీద లాగారు. కీచుమన్న ఆ చప్పుడు ఫోనులో పట్టుకున్నాను. అందులో అర సెకను ముక్కను 60 రెట్లు సాగదీస్తే మీరు విన్నది వచ్చింది.

ఇలాంటిది వినిపించిన ప్రతిసారీ నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏ ప్లగిన్ వాడారు?" ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. అడగడంలో తప్పు లేదు. నేనూ ఏళ్ల తరబడి అందరినీ అదే అడిగాను. పేరు చెబుతాను కూడా. పాల్‌స్ట్రెచ్. పాల్ నాస్కా అనే ఆయన రాసిన ప్రోగ్రాము, ఉచితంగా దొరుకుతుంది. అయితే ఆ పేరొక్కటే కాగితం మీద రాసుకుని వెళితే ఈ రోజు మీకు దక్కేది చాలా తక్కువ. ఆ ప్రోగ్రాము కుర్చీ చప్పుడును లోపల ఏం చేసిందో తెలిస్తే మాత్రం, మీ కంప్యూటర్లో ఇప్పటికే పడి ఉన్న పది సాధనాలు కొత్తగా కనిపిస్తాయి. నేను వచ్చింది అందుకే.

ప్లగిన్లు అమ్మే చోట "ప్రయోగాత్మకం" అని ఒక విభాగం కనిపిస్తుంది. అలాంటి విభాగం ఒకటి విడిగా ఉందని నేను అనుకోను. ఏ సాధనమైనా తయారుచేసినవారు కొన్ని ఉపయోగాలు ఊహించుకుని చేస్తారు. ఆ ఊహ నడిచినంత దూరం సాధనం చక్కగా, మర్యాదగా పనిచేస్తుంది. ఆ హద్దు దాటాక తడబడుతుంది. తడబడినప్పుడు అది చేసే శబ్దం ఎవరూ ముందుగా తయారుచేసి పెట్టింది కాదు. ఆ చోటు ఎక్కడుందో వెతికి, అక్కడ తీరిగ్గా కూర్చుని వినాలి. నాకు తెలిసిన ప్రయోగం అంతే. సాధనం ఖరీదైనదా, ఉచితమా, పాతదా, కొత్తదా అన్న ప్రశ్నలు ఆ తరవాతే వస్తాయి.

దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ రోలాండ్ టీబీ-303. 1981లో వచ్చిన చిన్న వెండిరంగు పెట్టె. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారుడికి పక్కన బేస్ గిటారు మీద మంద్రస్వరాలు వాయించే మనిషి లేని లోటు తీర్చాలని చేశారు. లోటు తీరలేదు. బేస్ గిటారులా అది ఏ కోశానా వినిపించదు. పైగా అందులో స్వరాల వరస రాయడం ఒక పరీక్ష. స్వరాలన్నీ ఒకసారి, వాటి కాలప్రమాణాలు ఇంకోసారి విడివిడిగా నొక్కాలి. 1984 నాటికి తయారీ ఆపేశారు. పాత సరుకుగా చవకగా చేతులు మారింది.

షికాగోలో ఫ్యూచర్ అనే బృందానికి అలా పాతది ఒకటి దొరికింది. వాళ్లు వరస అలాగే తిరుగుతూ ఉండగా దాని మీదున్న మరలు (నాబ్‌లు) తిప్పడం మొదలుపెట్టారు. ముఖ్యంగా రెండు: పైశబ్దాలను కోసే ఫిల్టర్ ఎక్కడ తెగాలో చెప్పే కటాఫ్, ఆ తెగిన అంచు ఎంత మోగాలో చెప్పే రెజొనెన్స్. ఒకసారి సర్దిపెట్టి వదిలేయడానికి పెట్టిన మరలవి. వాటిని పాట పొడవునా తిప్పుతూనే ఉంటే బేస్ తీగ మూలుగుతుంది, అరుస్తుంది, నీళ్లలో మునిగి తేలుతుంది. 1987లో వాళ్ల రికార్డు వచ్చింది. యాసిడ్ హౌస్ అనే సంగీతం అక్కడ మొదలైంది.

అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, ముంబై సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెను, దానితోపాటు టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని, జూపిటర్-8 సింథసైజర్‌ను పెట్టుకుని రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఒక రికార్డు చేశారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం చెవులు రిక్కించింది. 303లో స్లైడ్ అనే సదుపాయం ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారుతుంది. గిటారు తోడు కోసం పెట్టిన ఆ జారుడు రాగంలో నడక తెలిసిన మనిషి చేతిలో పడితే ఏమవుతుందో ఆ రికార్డులో వినవచ్చు. షికాగోవాళ్లు మర తిప్పి హద్దు దాటారు. ఆయన తనకు తెలిసిన సంగీతాన్ని తీసుకొచ్చి దాటించారు. రెండో దారి మనలో చాలామందికి ఇంకా దగ్గరిదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆటో-ట్యూన్ కథ మీకు తెలిసే ఉంటుంది. భూమిలోకి తరంగాలు పంపి చమురు ఎక్కడుందో లెక్కగట్టే పనిలో ఆరితేరిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దాన్ని తెచ్చారు. గొంతు శ్రుతి తప్పితే ఎవరికీ తెలియకుండా సరిచేయడం దాని పని. ఎంత త్వరగా సరిచేయాలో చెప్పే మర ఒకటి ఉంది. దాన్ని సున్నాకు తెస్తే స్వరం నుంచి స్వరానికి గొంతు మెట్లు ఎక్కినట్టు దూకుతుంది. 1998లో గాయని షేర్ పాటలో లోకమంతా విన్నది ఆ సున్నానే. కనబడకూడదని చేసిన పనిముట్టు, అన్నిటికంటే ముందు కనబడేదిగా మారింది.

సరే, ఈ కథలు చెప్పుకుని ఆగిపోతే మనం వేరేవాళ్లు కనిపెట్టిన హద్దుల దగ్గరే తిరుగుతూ ఉంటాం. కాబట్టి ఇప్పుడు లోపలికి వెళ్దాం. ముందు అందరి దగ్గరా ఉండే డిలే ప్లగిన్ తీసుకుందాం. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చినది చాలు.

డిలే చేసేది చాలా చిన్న పని. వచ్చిన శబ్దాన్ని కాసేపు దాచి, తిరిగి ఇస్తుంది. ఇచ్చినదాన్నే మళ్లీ లోపలికి పంపితే అది ఫీడ్‌బ్యాక్. 500 మిల్లీసెకన్లు పెడితే ప్రతిధ్వని. 100 పెడితే గోడలు దగ్గరపడినట్టు. ఇంకా తగ్గించండి. ఫీడ్‌బ్యాక్ 95 శాతం దాకా పెంచి, సమయాన్ని 10 మిల్లీసెకన్లకు తెండి.

(వినిపించారు.)

చిటిక వేస్తే ఒక స్వరం మోగింది. 10 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగి వచ్చేది సెకనుకు 100 సార్లు వస్తుంది. సెకనుకు 100 సార్లు వచ్చేదాన్ని చెవి ప్రతిధ్వని అనుకోదు, 100 హెర్ట్జ్ స్వరం అనుకుంటుంది. 2.27 మిల్లీసెకన్లు పెడితే 440 హెర్ట్జ్ వస్తుంది. లోపలికి చిటికకు బదులు "ష్" అనే రొద ముక్క ఒకటి పంపి, తిరిగే దారిలో పైశబ్దాలను కొంచెం కొంచెం తగ్గించే ఫిల్టర్ పెడితే, మీటిన తీగ వినిపిస్తుంది. ఇది కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ 1983లో ప్రచురించిన పద్ధతి. తీగవాద్యాలను కంప్యూటర్లో పుట్టించే విధానాలెన్నో దీని సంతానమే. మీ ప్రతిధ్వని ప్లగిన్‌లో ఒక వీణ దాక్కుని ఉందని మర చివరిదాకా తిప్పనివారికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా డిలే ప్లగిన్లు 10 లేదా 20 మిల్లీసెకన్ల దగ్గరే ఆగిపోతాయి. అంతకంటే తక్కువ ఎవరికి కావాలి అనుకున్నారు తయారుచేసినవారు. అంటే ఊహకు కంచె కట్టేశారు. ప్రయోగాలు చేసేవారి కోసం రాసిన ప్లగిన్లలో నేను మెచ్చుకునే గుణం ఇదొక్కటే: కంచెను బాగా దూరంగా కడతారు, కొందరు అసలు కట్టరు. ఫీడ్‌బ్యాక్ 100 శాతం దాటనిస్తారు. బొమ్మలు, వెలుగులు, వింత పేర్లు నన్ను ఆకట్టుకోవు. కొత్త ప్లగిన్ తెరిచిన వెంటనే నేను చేసే పని, ప్రతి మరనూ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పి చూడడం. మొదటి గంట అంతే. ప్రీసెట్ల (ముందే సర్దిపెట్టిన అమరికల) జోలికి వెళ్లను.

ఫీడ్‌బ్యాక్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 100 శాతం దాటిన ఫీడ్‌బ్యాక్‌లో శబ్దం తిరిగిన ప్రతిసారీ పెరుగుతుంది. కంప్యూటర్ లోపల లెక్క దాదాపు ఎంత పెద్ద అంకెనైనా పట్టే ఫ్లోటింగ్ పాయింట్‌లో జరుగుతుంది కాబట్టి లోపల దానికి పైకప్పు లేనట్టే. మీ హెడ్‌ఫోన్లకు, మీ కర్ణభేరికి ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక రాత్రి సొంతంగా రాసుకున్న ఫిల్టర్ అదుపు తప్పింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను. మూడు రోజులు కుడి చెవిలో ఈల ఆగలేదు. ఆ తరవాత నుంచి చిట్టచివర శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఒకటి లేకుండా నేను ఏ ప్రయోగమూ మొదలుపెట్టలేదు. అవుట్‌పుట్ చివర లిమిటర్ పెట్టండి, హద్దు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉంచండి, సౌండ్ కార్డు మీద వాల్యూమ్ తగ్గించండి. ఆ తరవాత ఎంత సాహసమైనా చేయండి. పోయిన వినికిడిని తిరిగి తెచ్చే ప్లగిన్ లేదు.

ఇప్పుడు రేణువుల దగ్గరికి వద్దాం. గ్రాన్యులర్ సింథసిస్. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

హోలోగ్రఫీకి నోబెల్ బహుమతి అందుకున్న డెనిస్ గాబోర్, 1940ల చివర్లో శబ్దాన్ని కూడా చిన్న చిన్న కణాలుగా ఊహించవచ్చని ప్రతిపాదించారు. ఆ ఆలోచనను సంగీతంలోకి తెచ్చినవారు సంగీతకర్త యానిస్ జెనాకిస్. 1950ల చివరన టేపును ముక్కలుగా కత్తిరించి, అంటించి ఆ పని చేశారు. చేత్తో! ఒక్కో సెకనుకు ఎన్ని ముక్కలో ఊహించండి. 1970ల మధ్యలో కర్టిస్ రోడ్స్ దాన్ని కంప్యూటర్ మీదికి ఎక్కించారు. అప్పట్లో ఫలితం వినడానికి చాలాసేపు వేచి ఉండాల్సి వచ్చేది. 1986లో బారీ ట్రూయాక్స్ అప్పటికప్పుడే వినిపించేలా చేశారు. ఇప్పుడు అది మీ ఫోనులో కూడా నడుస్తుంది.

రేణువు అంటే రికార్డు చేసిన శబ్దంలోంచి తీసిన చిన్న తునక. సాధారణంగా 1 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. దాని మొదలు, చివర టక్కుమనకుండా అంచులు నునుపు చేస్తారు. అలాంటివి సెకనుకు పదులు, వందలు చల్లుతారు. రంగవల్లి ముగ్గుపిండితో వేసినట్టే ఇదీ. దూరం నుంచి గీత, దగ్గరికి వెళితే పిండి. 

ఇందులో నాలుగు మరలు ఉంటాయి: తునక పొడవు, సెకనుకు ఎన్ని, మూలశబ్దంలో ఎక్కడి నుంచి తీయాలి, ఎంత చెదరగొట్టాలి. ప్లగిన్ ఏదైనా, పేర్లు ఏవైనా, వెనక ఉన్నవి ఇవే. చాలామంది నాలుగూ ఒకేసారి తిప్పి, వచ్చిన మేఘాన్ని చూసి మురిసి, దానికి రివర్బ్ (గది మోత) వేసి వదిలేస్తారు. దాంతో అందరి మేఘాలూ ఒకేలా ఉంటాయి. నా విన్నపం: మూడు మరలు కట్టేసి ఒక్కటే తిప్పండి.

(వినిపించారు.)

ఇది ఒక మనిషి గొంతు. "నీళ్లు" అనే మాట. తునక పొడవు 100 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు మాట ఇంకా తెలుస్తోంది. 60 దగ్గర అక్షరం పోయి, ఎవరో మనిషి అని మాత్రం తెలుస్తోంది. 20 దగ్గర మనిషి పోయాడు, అచ్చు మిగిలింది. 5 దగ్గర అచ్చూ పోయింది, ఇక ఇసుక. ఒక్క మర తిప్పితే మాట నుంచి గొంతుకు, గొంతు నుంచి రొదకు ప్రయాణం చేశాం. ఆ ప్రయాణంలో మనిషి మాయమయ్యే క్షణం ఎక్కడుందో వెతికి, దాని మీదే ఒక రచన మొత్తం నిలబెట్టవచ్చు. 20, 30 మిల్లీసెకన్ల మధ్య ఆ సన్నని అంచు మీద నేను నెలలు గడిపాను. ఒక గొంతుకూ ఇంకో గొంతుకూ ఆ అంచు ఒకచోట ఉండదు.

ఎమిలీ జిలే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2014లో క్లౌడ్స్ అనే మాడ్యూల్ తెచ్చింది. మాడ్యూల్ అంటే తీగలతో ఇంకోదానికి కలుపుకునే చిన్న యంత్రం; అలాంటివి కూర్చితే మాడ్యులర్ సింథసైజర్ అవుతుంది. ఈ పనే చేసే యంత్రం అది. తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. అయితే ఆమె దాని సర్క్యూట్లను, ప్రోగ్రామును అందరికీ తెరిచి ఇచ్చారు. అందుకే అది ఇంకా బతికే ఉంది. 2017లో మొదలైన వీసీవీ ర్యాక్ అనే ఉచిత మాడ్యులర్ సాఫ్ట్‌వేర్‌లో అదే ప్రోగ్రాముతో చేసిన మాడ్యూల్ పెట్టుకోవచ్చు. ఎవరో ఎంతో శ్రమపడి కనిపెట్టినదాన్ని దాచుకోకుండా ఇచ్చేయడం వల్ల ఎన్ని వేలమంది నేర్చుకోగలిగారో తలచుకుంటే నాకు గుండె నిండిపోతుంది.

మొదట వినిపించిన కుర్చీకి ఇప్పుడు సమాధానం. సాగదీయడానికి అక్కడ వాడినది ఫూరియే పద్ధతి. శబ్దాన్ని కిటికీలుగా కోసి, ఒక్కో కిటికీలో ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టడం. ఇక్కడ ప్రకృతి ఒక బేరం పెడుతుంది, దాన్నుంచి ఎవరూ తప్పించుకోలేరు. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన విలువల) రికార్డింగులో 2,048 శాంపిళ్ల కిటికీ తీసుకుంటే దాని నిడివి దాదాపు 46 మిల్లీసెకన్లు. పౌనఃపున్యాలను 21.5 హెర్ట్జ్ మెట్లలో చూడగలం. స్వరాన్ని ఇంకా నిశితంగా చూడాలని కిటికీని 16,384కు పెంచితే మెట్టు 2.7 హెర్ట్జ్‌కు తగ్గుతుంది, కిటికీ మాత్రం 370 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ కిటికీలో తబలా దెబ్బ ఎప్పుడు పడిందో అది చెప్పలేదు. ఎప్పుడు అన్నది తెలియాలంటే ఏ స్వరం అన్నది మసకబారుతుంది, ఏ స్వరం అన్నది తెలియాలంటే ఎప్పుడు అన్నది మసకబారుతుంది.

శబ్దాన్ని నిజాయితీగా సాగదీయాలనుకునే ఇంజినీరుకు ఆ మసక ఒక లోపం. పాల్‌స్ట్రెచ్ ఆ మసకనే కోరి తెచ్చుకుంటుంది. కిటికీని చాలా పెద్దది చేసి, అందులోని పౌనఃపున్యాల ఫేజులను (ఒక్కో తరంగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే స్థానాలను) యాదృచ్ఛికంగా కలిపేస్తుంది. కుర్చీ కీచుమనడంలో ఉన్న "ఎప్పుడు" అంతా కరిగిపోయి "ఏ స్వరం" మాత్రమే మిగిలింది. మీకు సముద్రంలా, బృందగానంలా వినిపించింది అందుకే. స్పెక్ట్రల్ అని పేరున్న ఏ ప్లగిన్ తెరిచినా కిటికీ పరిమాణం ఎక్కడ మార్చాలో ముందు వెతకండి. సెట్టింగుల పేజీలో మూలన ఉంటుంది. చాలామంది అసలు ముట్టుకోరు. అదే అసలైన వాద్యం.

ఒక మాట మధ్యలో. తంబురా గుర్రం మీద, తీగ కింద సర్దే నూలుపోగు ఉందికదా, దాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం మొత్తం విచ్చుకుంటుంది. ఎక్కడ ఆపాలో కొలబద్ద చెప్పదు, చెవి చెప్పాలి. కిటికీ పరిమాణాన్ని నేను ఆ పోగులాగే జరుపుతాను.

ఏ సాధనమైనా తయారుచేసినవారి ఊహతో వస్తుందన్నాను. అంటే ప్రతి సాధనంలో ఒక నిర్ణయం దాగి ఉంటుంది. ఎక్కువగా మనం గమనించని నిర్ణయం కీబోర్డు. 1963, 64 ప్రాంతంలో అమెరికా తూర్పున రాబర్ట్ మోగ్, పశ్చిమాన డాన్ బుక్లా దాదాపు ఒకేసారి మాడ్యులర్ సింథసైజర్లు చేశారు. మోగ్ యంత్రానికి పియానో మెట్ల కీబోర్డు తోడైంది. బుక్లా దాన్ని వద్దనుకుని, వేలు తాకితే వోల్టేజీ ఇచ్చే లోహపు పలకలు పెట్టారు. నల్లని తెల్లని మెట్లు కనబడితే చేతులు పాత పాటలే వాయిస్తాయని ఆయన ఆలోచన. అనిశ్చితిని పుట్టించడానికే ఒక మాడ్యూల్ చేశారు. యాదృచ్ఛిక వోల్టేజీలు ఇవ్వడమే దాని పని.

ఇప్పటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు 120 టెంపో, 4/4 లెక్క, 12 స్వరస్థానాలతో తెరుచుకుంటాయి. అవీ నిర్ణయాలే, మీరు తీసుకున్నవి కావు. కొన్ని రోజులు గళ్లు లేని చోట పనిచేసి చూడండి. మిల్లర్ పకెట్ 1996లో తెచ్చిన ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్ ఖాళీ కాగితంలా తెరుచుకుంటుంది. టెంపో లేదు, ట్రాకులు లేవు. మొదట భయం వేస్తుంది. శబ్దం వినబడడానికే అరగంట పడుతుంది. ఆ అరగంటలో మీరు నేర్చుకునేది వంద ప్రీసెట్లు విన్నా రాదు.

ఇక పరికరాలు. ఇక్కడ నేను క్లుప్తంగానే చెబుతాను. మీలో చాలామందికి ఇది కొనాలా అది కొనాలా అన్న తపన ఎక్కువగా ఉందని ప్రశ్నల చీటీలు చూస్తే తెలుస్తోంది. యూరోర్యాక్ పద్ధతిలో మాడ్యూళ్లు కూర్చుకోవడం ఆనందంగా ఉంటుంది. 1990ల మధ్యలో డోప్‌ఫర్ సంస్థ తెచ్చిన కొలతలవి, అందుకే రకరకాల తయారీదారుల మాడ్యూళ్లు ఒకే చట్రంలో ఇముడుతాయి. కానీ ముందు వీసీవీ ర్యాక్‌లో ఆరు నెలలు ప్యాచ్ తీగలు గుచ్చండి. మీ చెవికి ఏ మాడ్యూల్ కావాలో అప్పటికి తేలుతుంది. కంప్యూటర్ నుంచి మాడ్యులర్‌కు వోల్టేజీ పంపాలనుకునేవారు ఒకటి చూసుకోవాలి. సౌండ్ కార్డు అవుట్‌పుట్లు డీసీ కపుల్డ్ అయి ఉండాలి. లేకపోతే నెమ్మదిగా మారే వోల్టేజీ బయటికి రాదు.

అన్నిటికంటే ముందు కొనాల్సింది మంచి హెడ్‌ఫోన్లు, నమ్మకంగా పనిచేసే సౌండ్ కార్డు. ఆ తరవాత నేను ఓటు వేసేది ఈ చిన్న బిళ్లకు. పియెజో. ఒత్తిడి తగిలితే విద్యుత్తు పుట్టించే పలక. దీనికి రెండు తీగలు, ఒక జాక్ అతికిస్తే కాంటాక్ట్ మైకు. గాలిలోని శబ్దాన్ని ఇది దాదాపు పట్టించుకోదు, వస్తువు లోపల పరుగెత్తే కంపనాన్ని వింటుంది. ఇనుప రెయిలింగు, ఫ్రిజ్ తలుపు, వాన పడుతున్న రేకు, అన్నీ కొత్త వాద్యాలవుతాయి. దీని ఇంపీడెన్స్ (విద్యుత్తుకు కలిగించే అవరోధం) చాలా ఎక్కువ కాబట్టి గిటారుకు ఉద్దేశించిన ఇన్‌పుట్‌లో పెట్టండి. మామూలు మైకు ఇన్‌పుట్‌లో పెడితే లోతైన బేస్ శబ్దాలన్నీ పోయి డొల్లగా వినిపిస్తుంది. ఈ మైకు పనికిరాదని పక్కన పడేసినవారిని చాలామందిని చూశాను. తప్పు మైకుది కాదు.

రెండోది పాత మిక్సర్. దాని అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌లోనే పెడితే, బయటి నుంచి ఏ శబ్దమూ లేకుండా పాడుతుంది. తోషిమారు నకమురా ఒక్క మిక్సర్‌తో ఇలా ఏళ్ల తరబడి సంగీతం చేస్తున్నారు. గదిని కూడా ఇలాగే పాడించవచ్చు. 1969లో ఆల్విన్ లూసియర్ ఒక గదిలో కూర్చుని కొన్ని వాక్యాలు చదివి రికార్డు చేశారు. దాన్ని అదే గదిలో స్పీకరులో వినిపించి మళ్లీ రికార్డు చేశారు. మళ్లీ, మళ్లీ. తిరిగినకొద్దీ గదికి ఇష్టమైన పౌనఃపున్యాలు బలపడి, మిగిలినవి సన్నగిల్లి, చివరికి మాటలు పూర్తిగా స్వరాలైపోయాయి. దీనికి ఒక స్పీకరు, ఒక మైకు, ఓపిక చాలు. ఇంట్లో మీ గది ఏ స్వరంలో పాడుతుందో మీకు తెలుసా? ఈ వారం కనుక్కోండి.

ఒక బాధ చెప్పుకోవాలి. పన్నెండేళ్ల క్రితం నేను చేసిన ఒక రచన ఈ రోజు నా దగ్గర లేదు. ఫైలు ఉంది. తెరుచుకుంటుంది కూడా. కానీ దానికి ప్రాణం పోసిన ప్లగిన్‌ను ఒక చిన్న సంస్థ చేసింది. ఆ సంస్థ మూతబడింది, లైసెన్సు సరిచూసే సర్వర్ ఆగిపోయింది. కంప్యూటర్లు మారాక పాత 32 బిట్ ప్లగిన్లు ఎన్నో ఇలాగే మూగబోయాయి. ఆ ట్రాకు తెరిచినప్పుడు ఇప్పుడు ఖాళీ పెట్టె ఒకటి కనిపిస్తుంది. మూడు నెలల పని. మీకు ఇలా జరగకూడదు. శబ్దం బాగుంది అనిపించిన క్షణమే దాన్ని వేవ్ ఫైలుగా రికార్డు చేసేయండి. మరలు ఎక్కడున్నాయో నోటుపుస్తకంలో రాయండి, లేదా ఫోటో తీయండి. ఇంకో లాభం ఉంది. ఫైలుగా మారిన శబ్దాన్ని వెనక్కి వెళ్లి సరిదిద్దలేరు కాబట్టి ముందుకే వెళ్తారు. కత్తిరిస్తారు, తిరగేస్తారు, ఇంకో ప్లగిన్‌లోకి పంపుతారు. 1948లో పారిస్ రేడియోలో పియేర్ షెఫెర్ రైళ్ల చప్పుళ్లతో రచన చేసినప్పుడు ఆయన దగ్గర టేపు కూడా లేదు, డిస్కులే. గాడి ఒకే చోట తిరిగేలా చేసి పునరావృతం తెచ్చారు. వెనక్కి వెళ్లే దారి ఆయనకు లేదు.

చీటీల్లో కృత్రిమ మేధ గురించి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒక్కదాని గురించి చెబుతాను. 2021లో పారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌లో రేవ్ అనే న్యూరల్ నమూనా తెచ్చారు. గంటలకొద్దీ ఒకే రకం శబ్దాలు వినిపించి నేర్పితే, ఆ తరవాత మీరు ఏ శబ్దం పంపినా తనకు తెలిసిన శబ్దాల్లో తిరిగి పలుకుతుంది, అప్పటికప్పుడే. వేణువు నేర్పి వేణువు పంపితే వేణువు వస్తుంది. అందులో నాకు ఆసక్తి లేదు. వేణువు మాత్రమే తెలిసినదానికి తలుపు గడియ చప్పుడు పంపండి. తను ఎన్నడూ విననిదాన్ని తనకు తెలిసిన ఒకే ఒక్క భాషలో చెప్పడానికి అది పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో వినదగిన సంగీతం ఉంది. ఒక షరతు: ఎవరి గొంతుతోనైనా నేర్పేటట్టయితే ఆ మనిషిని అడిగి, ఒప్పుకున్నాకే నేర్పండి. ఈ విషయంలో నేను రాజీ పడను.

ఇంకో పది నిమిషాలే ఉన్నాయంటున్నారు. మాటలు ఆపి పని చేద్దాం. ముందు వరుసలో ఎవరైనా ఇద్దరు రండి. ఈ పియెజోను ఆ కుర్చీ కాలికి టేపుతో అతికించండి. అవును, అదే కుర్చీ. ఇంకొకరు ఈ ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోండి. డిలే ఒక్కటే తెరిచి ఉంచాను, ఫీడ్‌బ్యాక్ 95 దగ్గర ఉంది, చివర లిమిటర్ ఉంది, స్పీకర్లు తగ్గించే ఉన్నాయి. మీరు కుర్చీని మెల్లగా లాగండి. మీరు సమయం మరను 500 నుంచి కిందికి తెండి. తొందర వద్దు. మిగిలినవారు, ప్రతిధ్వని స్వరంగా మారిందని మీ చెవికి అనిపించిన క్షణంలో చెయ్యెత్తండి. అందరి చేతులూ ఒకేసారి లేస్తాయో లేదో చూద్దాం.

(కుర్చీ లాగిన శబ్దం.)